ఆవిరక్క ఉడికించిన మట్టి

ఆవిరక్కకి ఆ పేరు పద్దెనిమిదేళ్ళ కిందట వచ్చింది. ఆ ఏడు వాన తెరిపి లేకుండా పట్టుకుని, నారు పెంచేవాళ్ళందరి ట్రేలలోనూ నారుకుళ్ళు పడింది. సాయంత్రం నిటారుగా ఉన్న టమాటా మొక్క పొద్దున్నకి మెడ దగ్గర నల్లబడి, ఎవరో వేలితో తోసినట్టు పక్కకి వాలిపోయేది. ఒక్క ఆవిరక్క షెడ్డులో మాత్రం మొక్కలు నిలబడ్డాయి. ఎందుకంటే ఆవిడ మట్టిని వండుతుంది.

వండటమంటే మాటవరసకి కాదు. పెరట్లో మూడు రాళ్ళ మీద ఇనప డ్రమ్ము, అడుగున జానెడు నీళ్ళు, నీళ్ళ పైన చిల్లుల రేకు, రేకు మీద గోనెగుడ్డ, దాని మీద తడిపిన మట్టి. మూత పెట్టి కింద మంట వేసేది. మట్టి నడిమధ్యలో ఒక బంగాళాదుంప పాతిపెట్టేది. కాసేపయ్యాక పుల్లతో గుచ్చి చూసేది. పుల్ల మెత్తగా దిగిందంటే దుంప ఉడికినట్టు, దుంప ఉడికితే మట్టి ఉడికినట్టు, మట్టి ఉడికితే అందులోని బూజులన్నీ చచ్చినట్టు. ఆ దుంపని కడిగి, తొక్క ఒలిచి, ఉప్పు చల్లి కూతురి పళ్ళెంలో పెట్టేది. పిల్ల మాటలు కూడా సరిగా రాని రోజుల నుంచీ డ్రమ్ము దగ్గర పళ్ళెం పట్టుకుని కూర్చునేది. "మట్టి అయిందా అమ్మా?" అని అడిగేది, అన్నం అయిందా అని అడిగినట్టు.

ఆవిరి పట్టిన ఆ మట్టి మీదే ఇల్లు నడిచింది. ఆవిడ మొగుడు వ్యానులో నారు ట్రేలు పొలాలకి చేరవేస్తాడు. ఎక్కడికి వెళ్ళినా "ఆవిరక్క నారా?" అని అడిగి మరీ దింపించుకుంటారు. ఆ మాట ఆయన సాయంత్రం ఇంటికొచ్చి చెబితే, వినీ విననట్టు ఇంకోసారి చెప్పించుకోవడం ఆవిడకి అలవాటు.

మూడేళ్ళ కిందట మరిదికి పెళ్ళయి తోటికోడలు వచ్చింది. వృక్షశాస్త్రం చదివిన పిల్ల. పెట్టెలో బట్టల కన్నా గాజుపలకలే ఎక్కువున్నాయని అత్తగారు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. వంటింటి పక్క గదిలో, పాత కుట్టుమిషను బల్ల మీద, మైక్రోస్కోపు పెట్టుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి కొడుకు పుట్టాడు. చంటాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఒక కన్ను గాజు కింది బూజు మీదా ఇంకో కన్ను పిల్లాడి మీదా ఉంచి పనిచేసేది. వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో అని గంటకోసారి ముక్కు కింద వేలు పెట్టి చూసేది.

"ఆ వేలితోనేనా బూజూ ముట్టుకుంటావు?" అని ఆవిరక్క ఒకసారి అంది.

"సబ్బుతో కడుక్కుంటానక్కా. ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దుతాను."

కోప్పడదామంటే కూడా సందు ఇవ్వదు మనిషి. ఆవిరక్కకి అక్కడే ఒళ్ళు మండేది. అది అసూయ అని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. ఈ ఇంట్లో ఈమధ్య గాలి ఆడటం లేదు అనుకునేది.

మొదట పెరట్లో రెండో షెడ్డు వేశారు, తోటికోడలి కోసం. ఆవిరక్క పెదవి విరిచి ఊరుకుంది. తరవాత ఆ షెడ్డు గోడ పక్కన పన్నెండు కుండీలు వెలిశాయి. వాటిలో ఇసుక కలిపిన మట్టి, మొక్కజొన్న మొక్కలు. కంకి కోసం కాదట, వేళ్ళ కోసమట. మూడు నెలలు పెంచి, నీళ్ళు ఆపేసి, మొక్క ఎండాక ఆ వేళ్ళని సన్నగా తరిగి, ఆ మట్టితో సహా నారు ట్రేలలో కలుపుతుందట. అత్తగారు దానికి "చిన్నకోడలి మందు" అని పేరు పెట్టింది. ఇంట్లో అందరికీ అదే పేరు అలవాటైంది. అంతవరకూ కూడా ఆవిరక్క ఓర్చుకుంది. కానీ ఒకరోజు డ్రమ్ములో దుంప ఉడికి, ఒలిచి, చల్లారిపోయినా పళ్ళెం పట్టుకుని ఎవరూ రాలేదు. పిల్లకి పదమూడేళ్ళు వచ్చాయిలే, సిగ్గేమో అనుకుంటూ దుంప తీసుకుని ఇంట్లోకి వెళ్ళింది. కుట్టుమిషను గదిలోంచి నవ్వులు వినిపించాయి. సిరా, వెనిగర్ కలిసిన వాసన వస్తోంది. ఆవిరక్క తలుపు పక్కనే ఆగిపోయింది.

"నీలం పోగులు కనిపిస్తున్నాయా? వేరుకి సిరా పట్టిస్తే అలా కనిపిస్తాయి. అది బూజే," అంటోంది తోటికోడలు.

"బూజంటే అమ్మ చంపేస్తుంది పిన్నీ."

"చంపాల్సిన బూజు వేరే, ఇది వేరే. భాస్వరం ఉంది చూశావూ, అది మట్టికి అంటుకుపోయి ఉంటుంది, నీళ్ళతో పాటు జారి రాదు. వేరు తన చుట్టూ అందినంతా తినేసి, ఇంక ఏమీ లేదని కూర్చుంటుంది. అప్పుడు ఈ పోగులు వేరు దూరలేని సందుల్లోకి దూరి, అక్కణ్ణుంచి మోసుకొచ్చి పెడతాయి. భాస్వరమే కాదు, జింకు, రాగి, కాస్త నీళ్ళు కూడా."

"ఊరికేనా?"

"ఊరికే ఎవరు మోస్తారే? మొక్క ఆకుల్లో చేసుకున్న చక్కెరలో వాటా పెట్టాలి. కానీ మనమే భాస్వరం గుమ్మరించామనుకో, మొక్క వీటిని గడప తొక్కనివ్వదు. నాకన్నీ ఇంట్లోనే ఉన్నాయి, నీతో నాకేం పని అంటుంది."

పిల్ల పకపకా నవ్వింది. ఆవిరక్క తన డ్రమ్ము దగ్గర ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో లెక్క వేసుకుంది. లెక్క తేలలేదు. చేతిలో దుంపని వంటింటి గట్టు మీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది.

ఆ వారంలోనే తోటాయన వచ్చాడు. ఆవిరక్క నారు కొనేవాళ్ళలో అందరికన్నా పెద్ద రైతు. ఆయన పొలానికి నారిస్తోందన్న మాటతోనే మిగతావాళ్ళూ ఆవిడ దగ్గరకి వస్తారు. ఆయన చెయ్యి జారితే ఆవిడ పేరు జారినట్టే. వచ్చినవాడు ట్రేలు చూడలేదు, బల్ల మీద కూర్చుని మోకాళ్ళు నిమురుకున్నాడు.

"ఏమ్మా, నీ నారు ట్రేలో చూస్తే కడుపు నిండిపోతుంది. మా గట్టు మీది కొత్త చేలో పెడితే మాత్రం ఇరవై రోజులు అలిగి కూర్చుంటోంది. రెండేళ్ళు చూశా. మీ ఇంటి చిన్నకోడలమ్మాయి కిందటిసారి ఇచ్చిన ఇరవై మొక్కలు అదే చేలో ఎగబడి పెరిగాయి."

"పద్దెనిమిదేళ్ళుగా తింటున్నారు కదా బాబాయిగారూ మా చేతి నారు."

"తినేది టమాటాలమ్మా, నారు కాదు." ఆయన నవ్వలేదు. "ఆరు వరసలు నీవి పెడతా, ఆరు వరసలు ఆ అమ్మాయివి. నెల్లాళ్ళు చూస్తా. ఏది నిలబడితే ఏడాదంతా ఆ చేతి నారే."

ఆయన వెళ్ళాక ఆవిరక్క చాలాసేపు నీళ్ళ పైపు పట్టుకుని ఒకే ట్రే తడుపుతూ నిలబడింది.

తోటికోడలు చంటాడికి టీకా వేయించడానికి ఆస్పత్రికి వెళ్ళిన మధ్యాహ్నం అది. అత్తగారు వాలుకుర్చీలో కునుకు తీస్తోంది. ఆవిరక్క రెండో షెడ్డు వెనక్కి వెళ్ళి, వరసలో చివరి కుండీని ఎత్తుకొచ్చింది. దొంగతనం కొత్త గానీ, చేతులకి పని అలవాటు. ఎండిన మొక్కజొన్న మోడు పీకి, మట్టిని గోనె మీద బోర్లించింది. తెల్లటి వేళ్ళు చిక్కుపడి ఉన్నాయి. కత్తిపీటతో సన్నగా తరిగింది. తీరా ట్రేలలో కలపబోయేసరికి చెయ్యి ఆగింది. పచ్చి మట్టి. ఏ బూజు ఉందో, ఏ పురుగు ఉందో. తన షెడ్డులోకి పచ్చి మట్టి పిడికెడు కూడా ఏనాడూ రానివ్వలేదు. మందు గుణం మట్టిలో ఎలాగూ ఉంటుంది, ఉడికితే ఆకు సారం దిగినట్టు ఇంకా బాగా దిగుతుంది అనుకుంది. మొత్తం తెచ్చి డ్రమ్ములో తన మట్టితో కలిపేసింది. మధ్యలో బంగాళాదుంప పెట్టి, మూత వేసి, మంట రాజేసింది.

కుండీని మాత్రం బేసిన్లో పెట్టి, బ్రష్షుతో తోమి కడిగింది. అందులో మామూలు మట్టి నింపి, మోడుని మళ్ళీ గుచ్చి, తీసిన చోటే పెట్టేసింది. బేసిన్లో మిగిలిన బురద నీళ్ళు పారబొయ్యడానికి మనసొప్పలేదు. తన షెడ్డు చివర, రెండు రోజుల కిందట విత్తిన ట్రే ఒకటి కనబడింది. పోతే ఒక్క ట్రేనే కదా అనుకుని అందులో పోసేసింది.

మిగతా ట్రేలకి భాస్వరం కలిపిన ఎరువు నీళ్ళు పెట్టే గొట్టం ఆ చివరి ట్రే దాకా అందదు. దానికెప్పుడూ చెంబుతో మామూలు నీళ్ళే.

మూడు వారాలు పోయేసరికి ఆవిరక్క ట్రేలు పచ్చగా, దట్టంగా, పరుపు పరిచినట్టు లేచాయి. చివరి ట్రేలో యాభై మొక్కలూ మాత్రం తిండి చాలని పిల్లల్లా పొట్టిగా ఉన్నాయి. ఎవరైనా చూస్తారని వాటి ముందు నీళ్ళ బకెట్టు అడ్డం పెట్టింది. అవతలి షెడ్డులో తోటికోడలి మొక్కలు పొట్టివే కాదు, మూడో వంతు గళ్ళు ఖాళీ అయి ట్రేలు పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. నారుకుళ్ళు.

"ముప్ఫై శాతం పోయాయక్కా," అంది తోటికోడలు, చంటాణ్ణి భుజం మీద వేసుకుని. రాత్రంతా వాడి జ్వరం చూసుకుందేమో, కళ్ళు గుంటలు పడ్డాయి.

"మట్టి వండుకోమని ఎన్నిసార్లు చెప్పాను?" ఆ మాట అంటుంటే ఆవిరక్క నోట్లో చక్కెర పలుకు కరిగినట్టయింది.

"వండితే నా పోగులూ చస్తాయి కదక్కా. మందు అంటారు గానీ, అవీ ప్రాణమున్నవే."

ఆవిరక్క చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. తను మందు అనుకుని తెచ్చుకున్నదాన్ని, దుంప మెత్తబడేదాకా, తన చేత్తోనే ఉడికించి చంపేసింది. దొంగతనం చేసి కూడా దక్కించుకోలేకపోయింది. దీనికి తెలియకుండా దీని చేతిలో ఓడిపోయానే అనుకుంది. ఆ రోజు నుంచి ఎరువు నీళ్ళు రెండింతలు చేసింది. తిండి ఎక్కువై ఓడిపోయిన మొక్కని తను ఇంతవరకూ చూడలేదు.

తోటాయన గట్టు చేలో మొక్కలు నాటారు. పొట్టి ట్రేని ఎటూ పారెయ్యలేక, లెక్క కోసం ఆరో వరస చివర్లో నాటించింది ఆవిరక్క. నాటిన రోజున ఆవిడ వరసలు చూసి కూలివాళ్ళు కూడా "ఇంకేం పోటీ?" అన్నారు. ఆవిడ ఆ మాట మొగుడి చేత రెండుసార్లు చెప్పించుకుంది.

నెల నిండకముందే, ఇరవయ్యారో రోజున తోటాయన కబురు పెట్టాడు. వ్యానులో ముందు సీట్లో ఆవిరక్క, పక్కన తోటికోడలు, ఆమె ఒళ్ళో చంటాడు. దారి పొడుగునా వాడు పెద్దమ్మ గాజులు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, వాడి వైపు చూడనూ లేదు.

చేలో దిగి చూసేసరికి ఆవిరక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ పచ్చటి పరుపు ఏమైందో. మొక్కలు నాటిన రోజున ఎంత ఉన్నాయో దాదాపు అంతే ఉన్నాయి. వంగి ఒక ఆకు తిరగేసింది. అడుగున ఈనెల వెంట ఊదారంగు, దెబ్బ తగిలి కమిలినట్టు. భాస్వరం అందని మొక్కకి ఆ రంగు వస్తుందని ఆవిడకి పుస్తకాలు చెప్పక్కర్లేదు. షెడ్డులో రెండింతలు పెట్టి పెంచితే, ఇక్కడ పెట్టే చెయ్యి లేక పస్తు పడ్డాయి. పక్క ఆరు వరసలు తోటికోడలివి. మోకాలి దాకా లేచి, కొమ్మలు విసిరి, అప్పుడే పసుపు పూలు తొడుగుతున్నాయి.

"ఇది సరే, అనుకున్నదే," అన్నాడు తోటాయన. "నిన్ను పిలిచింది దీనికి కాదు. ఇటు రా."

ఆరో వరస చివర యాభై మొక్కలు, ఎవరో గీత గీసి విడదీసినట్టు, నల్లటి పచ్చదనంతో నిలబడి ఉన్నాయి. తోటికోడలి మొక్కల కన్నా నాలుగు వేళ్ళు ఎత్తు. పొట్టి ట్రే.

"ఇవీ నీవే. వీటికి ఏం చేశావు? అన్నీ ఇలా ఇవ్వగలిగితే నాకు ఇంకొకరితో పని లేదు. ఎప్పట్లా నీకే."

ఆవిరక్కకి బేసిన్, బ్రష్షు, బురద నీళ్ళు వరసగా కళ్ళ ముందు కదిలాయి. కుండీ మట్టిలో ఉడకనిది ఆ నీళ్ళే. ఎరువు అందనిదీ ఆ ట్రే ఒక్కటే. అవునంటే చాలు. గోడ పక్కన కుండీలు ఇంకా ఉన్నాయి, తోటికోడలు టీకాలకి మళ్ళీ ఆస్పత్రికి వెళుతుంది, ఈసారి వండక్కర్లేదు. పేరు నిలబడుతుంది. ఇంత ఆలోచనా రెప్పపాటులో అయిపోయింది. నోరు తెరవబోయింది.

ఈలోగా పక్క నుంచి తోటికోడలు అంది. "అక్క చేతి గుణం అలాంటిది బాబాయిగారూ. ఒక్కోసారి ఒక్కో ట్రే అలా పడుతుంది."

మెల్లిగా, చంటాడి టోపీ సర్దుతూ అంది. ఆవిరక్క ఆమె వైపు చూసింది. దీనికి తెలుసు. అంతా తెలిసి, నేల మీద పడ్డ చెంబుని తీసి అందించినట్టు తన పరువుని తన చేతికి అందిస్తోంది. చదువు దానిది, కొడుకు దానికి, కూతురి నవ్వులు దానికి, ఇప్పుడు మంచితనం కూడా దానికేనా? ఇది పెట్టిన భిక్షతో ఏడాదంతా నారు పెంచుతూ, రోజూ దీని మొహం చూడాలా?

"చేతి గుణం కాదు," అంది ఆవిరక్క. "అది నా గొప్పేం కాదు బాబాయిగారూ. దీని కుండీ ఒకటి దొంగిలించాను. ఆ మట్టిని నా మట్టితో కలిపి వండేసి చంపుకున్నాను. కుండీ కడిగిన నీళ్ళు ఈ ట్రేలో పోశాను. అంతే."

తోటాయన తలపాగా తీసి మెడ తుడుచుకున్నాడు. చంటాడు ఒక ఆకు తెంపి నోట్లో పెట్టుకోబోతే, తోటికోడలు, ఆవిరక్క, ఇద్దరూ ఒకేసారి వాడి చెయ్యి పట్టుకున్నారు.

"దొంగతనం మీ ఇంటి సంగతమ్మా," అన్నాడు చివరికి. జేబులోంచి ఫోను తీశాడు. "చిన్నమ్మాయ్, నీ నంబరు చెప్పు."

తోటికోడలు ఒక్కో అంకె చెబుతోంది. అన్నేళ్ళుగా ఆ ఫోనులో నారు అని కొడితే తన పేరే వస్తుందని ఆవిరక్కకి తెలుసు. పది అంకెలూ అయ్యేదాకా ఊదారంగు ఆకుని వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడింది.

ఇంటికొచ్చాక ఇద్దరూ పెరట్లో డ్రమ్ము దగ్గరే ఆగారు.

"ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగింది ఆవిరక్క.

"ఆ రోజే. పన్నెండు కుండీల్లో అదొక్కటే తళతళలాడుతోంది. ఈ ఇంట్లో కుండీ తోమి పెట్టే దొంగ ఇంకెవరక్కా?"

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

తోటికోడలు చంటాడి వీపు తట్టింది. "మీరు వండుతారని తెలుసు, వండితే అవి చస్తాయనీ తెలుసు. వండరని అనుకుంటే అడిగేదాన్నే."

ఆవిరక్క తల ఎత్తి చూసింది. అయితే దీనికీ మండుతుందన్నమాట. మూడేళ్ళలో మొదటిసారి ఆ మొహం చూడటం కాస్త తేలికైంది.

"నిజం చెప్పాలంటే," అంది తోటికోడలు, "ఆయన అడిగినన్ని నేను ఇవ్వలేను. మూడో వంతు కుళ్ళిపోతున్నాయి. నా మట్టిని కూడా వండిపెట్టండి. బాగా చల్లారాక నేను వేళ్ళు కలుపుతాను. చెడ్డవి ముందే పోతాయి, మంచివి తరవాత వస్తాయి."

"ఎరువు నీళ్ళు?"

"సగం. వీలైతే సగంలో సగం."

"మొక్కలు పస్తుంటాయే."

"కాస్త ఆకలి ఉంటేనే అక్కా, అవి తలుపు తీసేది."

ఆవిరక్క రెండో షెడ్డులోంచి మట్టి తట్ట తెచ్చి డ్రమ్ములో పోసింది. తడి సరిపోయిందో లేదో పిడికిట్లో నొక్కి చూసింది. "నీ మట్టిలో ఇసక ఎక్కువ," అంది. నడిమధ్య దుంప పాతి, మూత వేసి, మంట వేసింది.

దుంప మెత్తబడే వేళకి కూతురు బడి నుంచి వచ్చింది. పొగ చూసి, సంచీ కింద పడేసి, వంటింట్లోంచి పళ్ళెం తెచ్చుకుని రాయి మీద కూర్చుంది. ఎవరూ పిలవలేదు. ఆవిరక్క దుంప తీసి, కడిగి, తొక్క ఒలిచి పళ్ళెంలో పెట్టింది. పిల్ల వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ దాన్ని రెండు ముక్కలు చేసింది. పెద్ద ముక్క ఎత్తి, వెనక్కి తిరిగి, "పిన్నీ, ఇదిగో," అంది.

ఆవిరక్క చూసింది. కడుపులో ఎప్పట్లాగే చురుక్కుమంది, ఆ మంట ఏమీ తగ్గలేదు.

"ఉప్పు చల్లి ఇవ్వవే," అంది, డ్రమ్ము కింద కట్టెలు వెనక్కి లాగుతూ.